ఎదురు చెప్పని శుక్రవారం

నార్బర్ట్ జదాన్ గురించి చెప్పాలంటే ముందు అతని గొంతు గురించి చెప్పాలి. ఆ గొంతు తీసేస్తే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. విస్కాన్సిన్‌లో, గ్రీన్ బేకి ఉత్తరంగా సరస్సు ఒడ్డున పుట్టాడు. అక్కడే కాగితం మిల్లులో ముప్పై ఆరేళ్ళు చేశాడు. మార్సెల్లాని పెళ్ళి చేసుకున్నాడు. ఆదివారం చర్చి, నవంబరులో జింకల వేట. ఆ చుట్టుపక్కల రాయి విసిరితే ఇలాంటి మగాడికే తగులుతుంది. కానీ ఆ గొంతు మాత్రం దేవుడు ఒక్కడికే ఇచ్చాడు. మిల్లులో యంత్రాలు తిరుగుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు, అందరూ సైగలతోనే బతికేవాళ్ళు. నార్బర్ట్‌కి ఆ సైగలు నేర్చుకునే అవసరమే రాలేదు. చర్చి పిక్నిక్కులో స్నానాల తొట్టంత గిన్నెలో కోడిమాంసం, కూరలు కలిపిన బూయా పులుసు కాగాక "రండర్రా!" అని అతనొక్క కేక పెడితే, పార్కింగులో కార్లు తుడుచుకునేవాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. అర మైలు అవతలున్న ఎల్‌రాయ్ ఇంటికి అతను ఫోన్ చేస్తుంటే మార్సెల్లా నవ్వేది. "ఆ ఫోనెందుకు దండగ, కిటికీ తెరువు చాలు" అనేది.

ఈ ఎల్‌రాయ్ వాన్‌లానెన్ పాల రైతు. నలభై ఆవులుండేవి. మోకాళ్ళు అరిగిపోయాక అమ్మేసి ఖాళీ కొట్టాన్ని చూసుకుంటూ కూచున్నాడు. మనిషి నిదానం. మాటకీ మాటకీ మధ్య ఆవు నెమరేసినంత సేపు ఆగుతాడు. నార్బర్టేమో ఉప్పెన. వీళ్ళిద్దరికీ స్నేహం ఎలా కుదిరిందని అడిగితే ఊళ్ళో అందరూ ఒకే జవాబు చెబుతారు. కుదరలేదు, దెబ్బలాట కుదిరింది.

దేని మీద దెబ్బలాటంటారా? ఇంకేముంది, ఫుట్‌బాల్, బంతిని చేత్తో విసిరి ఆడే అమెరికా ఫుట్‌బాల్. అందులోనూ రిసీవర్ల మీద. అదే, మైదానం అంచున పరిగెత్తి, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని గాల్లో అందుకునేవాళ్ళు. ఏటా ఏప్రిల్ చివర మన గ్రీన్ బే జట్టు కాలేజీల నుంచి కొత్త కుర్రాళ్ళను ఎంచుకుంటుంది. ఆ తర్వాత వచ్చే శుక్రవారం ట్రూడీ బారులో అందరూ చేరతారు. వేయించిన పెర్చ్ చేప, రై రొట్టె, తీపి బ్రాందీ గ్లాసులు. అక్కడ తేలాలి, కొత్త రిసీవర్లు మన ఆటలో ఇముడుతారా ఇమడరా అని. నలభై ఒక్క ఏళ్ళుగా ఆ బల్లకి చెరో పక్కా ఈ ఇద్దరే. నార్బర్ట్‌కి పొట్టివాళ్ళు, చురుకైనవాళ్ళు కావాలి. ఎల్‌రాయ్‌కి పొడుగువాళ్ళు కావాలి. ఎవరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వీడిది నిజమని వాడు గాని, వాడిది నిజమని వీడు గాని అనలేదు.

అది వట్టి మొండితనం అనుకుంటే పొరపాటు. నార్బర్ట్ తమ్ముడు సరస్సు మీద మంచు విరిగి నీళ్ళలో మునిగి చనిపోయిన ఏడాది, మూడు రోజులు నార్బర్ట్ ముద్ద ముట్టలేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళంతా భుజం తట్టి, వంటకం గిన్నె బల్ల మీద పెట్టి పోయారు. ఎల్‌రాయ్ వచ్చి పెరట్లో నిలబడ్డాడు. చాలాసేపు నిలబడి, "పోయిన వారం ఆ బంతి జారవిడిచింది నీ పొట్టోడే" అన్నాడు. అంతే! తమ్ముడు పోయినవాడితో అనవలసిన మాటా అది? నార్బర్ట్ గంటసేపు అరిచాడు. విసిరినవాడిది తప్పన్నాడు, గాలిదన్నాడు, నీ ఆవులకున్న బుర్ర నీకు లేదన్నాడు. అరిచి అరిచి, ఏడ్చి, లోపలికొచ్చి రెండు పళ్ళేలు తిన్నాడు. ఎల్‌రాయ్ పాలు పితికే వేళైందని వెళ్ళిపోయాడు. ఆ వైపు మనుషులకి ప్రేమగా మాట్లాడటం రాదు మరి. వాళ్ళకు వచ్చిన ప్రేమ ఎదురు చెప్పడమే.

అలాంటి గొంతు కిందటి చలికాలంలో బొంగురుపోయింది. జలుబన్నాడు. జనవరి పోయింది, జలుబు పోలేదు. మార్చిలో మార్సెల్లా కారెక్కించి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. లోపల క్యాన్సరు పుండు. డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. మనిషి దక్కాలంటే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి, మెడకి కన్నం పెడతాం, దాంతోనే ఊపిరి. కొన్నాళ్ళు పోయాక మెడకి ఆనించుకుని మాట్లాడే పరికరం ఒకటి ఉంటుంది, అందులోంచి మాట వస్తుంది అన్నాడు. నార్బర్ట్ అదెలా ఉంటుందో వినిపించమన్నాడు. నర్సు ఒక వీడియో పెట్టింది. నార్బర్ట్ విని, "డబ్బాలో తుమ్మెదని వేసి మూతపెట్టినట్టుంది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఆపరేషన్ మే నెల మొదటి సోమవారానికి పడింది. నార్బర్ట్ గోడ మీద క్యాలెండరు చూశాడు. దానికి ముందు వచ్చే శుక్రవారమే ట్రూడీ బారులో దెబ్బలాట. అప్పటికి గొంతు ఉంటుంది. ఇంకేమీ అడగలేదు.

ఆ వారమంతా ఇంట్లో మాట్లాడలేదు. ఎక్కువ వాడితే పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పాడు, అందుకే పొదుపు. మార్సెల్లా ఏమడిగినా తల ఊపడం, చెయ్యి చూపించడం. మిల్లులో నేర్చుకోని సైగలన్నీ డెబ్బై మూడో ఏట వంటింట్లో నేర్చుకున్నాడు. మార్సెల్లా మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగో రోజు కాఫీ కప్పు ఠపీమని పెట్టింది.

"ఆ ఎల్‌రాయ్ గాడితో అరుచుకోవడానికి దాచుకుంటున్నావు కదూ?"

నార్బర్ట్ తల దించుకున్నాడు.

"నలభై ఎనిమిదేళ్ళు కాపురం చేశాను. నాకేమీ మిగల్చవా?"

"నీతో చెప్పాల్సినవన్నీ చెప్పేశాను, మార్సీ" అన్నాడు బొంగురుగా. "వాడితో ఇంకా తేలలేదు."

ఆ మాటకి కోపగించాలో నవ్వాలో ఆవిడకి తెలియలేదు. చీపురు తీసుకుని ఊడ్చిన గదే మళ్ళీ ఊడ్చింది.

ఆ ఏడు జట్టు ఇద్దరు రిసీవర్లని తీసుకుంది. ఒకడు ట్రెవాంటే గేదర్స్, ఆరడుగుల అయిదంగుళాలు, చెయ్యెత్తితే ఇంటి చూరు అందుతుంది. రెండోవాడు కేడ్ లిండ్‌హోమ్, పొట్టి, నూట డెబ్బై పౌండ్లు, నీళ్ళలో చేపపిల్లలా మెలికలు తిరుగుతాడు. ఏదో దేవుడే పంపినట్టు, ఇద్దరికీ చెరొకడు. నార్బర్ట్ బుధవారం నుంచీ సరంజామా సిద్ధం చేసుకున్నాడు. కాలేజీ ఆటలు తిప్పి తిప్పి చూశాడు. గేదర్స్ పరిగెడుతూ ఆగి తిరగడానికి ఎన్ని అడుగులు వేస్తున్నాడో లెక్కపెట్టాడు. నాలుగు. మన క్వార్టర్‌బ్యాక్ మూడో అడుగుకే బంతి వదిలేస్తాడు. ఆ ఒక్క అడుగు చాలు నలభై నిమిషాలు అరవడానికి! ఎల్‌రాయ్ దానికి ఏమంటాడో తెలుసు, దానికి తను ఏమనాలో తెలుసు. నెలల తర్వాత ఆకలేసింది.

శుక్రవారం సాయంత్రం బారు నిండిపోయింది. నార్బర్ట్ లోపలికి రాగానే గోల ఆగింది. అక్కడే అతను పసిగట్టాల్సింది. జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఆ బారులో ఎవరికైనా దారి ఇవ్వడం ఎప్పుడైనా చూశామా? బారు యజమాని ట్రూడీ, అరవై దాటిన మనిషి, నాలుకకి రెండు వైపులా పదునే, ఆ రోజు చేప ముళ్ళు తనే తీసి పళ్ళెం తెచ్చిపెట్టింది.

"నేనేం చంటిపిల్లాణ్ణా?" అన్నాడు నార్బర్ట్.

"కాదులే, తిను నాయనా" అంది. నాయనా! పోయిన ఏడాది ఈవిడే ముసలి గాడిదా అంది.

ఎల్‌రాయ్ ఎదురుగా కూచున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు, చర్చిలో కూచున్నట్టు.

నార్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. వారం రోజులు దాచుకున్న గొంతు. బొంగురే, కానీ ఉంది.

"ఆ పొడుగోడు గేదర్స్ మన ఆటకి పనికిరాడురా ఎల్‌రాయ్. మనది టైమింగ్ ఆట. మూడో అడుగుకి బంతి చెయ్యి దాటిపోతుంది. వాడు నాలుగో అడుగుకి గాని తిరగడు. వాడు తిరిగేసరికి బంతి అవతలివాడి ఒళ్ళో ఉంటుంది. అన్నం వడ్డించాక చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళే రకం వాడు."

ఇప్పుడు ఎల్‌రాయ్ ముక్కుతో ఒక శబ్దం చెయ్యాలి. తర్వాత, "ఒరేయ్ నార్బూ, నీకు అడుగులు లెక్కపెట్టడం కూడా వచ్చా?" అనాలి.

ఎల్‌రాయ్ టోపీ అంచు తిప్పాడు. "నిజమే" అన్నాడు.

"ఏంటి?"

"నువ్వన్నది నిజమే అంటున్నా. నాలుగడుగులంటే కష్టమే."

నార్బర్ట్ పక్కబల్లల కేసి చూశాడు. అందరూ గంగిరెద్దుల్లా తలలూపుతున్నారు.

"అయితే లిండ్‌హోమే మనకి సరైనవాడంటావు?"

"సరిపోతాడు."

"వాడు నూట డెబ్బై పౌండ్లేరా!"

"అయినా సరే, చురుకు కదా."

నార్బర్ట్ పళ్ళెం పక్కకి నెట్టాడు. సరే, కెలుకుదాం అనుకున్నాడు. "మళ్ళీ ఆలోచిస్తే లిండ్‌హోమ్ కూడా ఎందుకూ పనికిరాడు" అన్నాడు.

"అవును, వాడూ అనుమానమే."

"ఇప్పుడే కదరా సరిపోతాడన్నావు!"

"రెండూ ఆలోచించాల్సిన మాటలే, నార్బ్."

"ఇద్దర్నీ బంతి తన్నడానికి పెడదాం. కిక్కర్లని చేద్దాం."

"చెయ్యొచ్చు" అన్నాడు ఎల్‌రాయ్. కళ్ళు మాత్రం పైకెత్తలేదు.

తాన అంటే తందాన! నలభై ఒక్క ఏళ్ళు తనని ఒక్క మాట పూర్తిగా చెప్పనివ్వని మనిషి. నార్బర్ట్ లేచాడు. బల్ల చుట్టూ తిరిగి ఎల్‌రాయ్ వెనక నిలబడి, ముక్కుతో, నిదానంగా, అచ్చం ఎల్‌రాయ్‌లా మొదలుపెట్టాడు.

"'నార్బూ, మన ఆటలో రిసీవరు బంతి పట్టుకుంటే సరిపోదు. మనవాడు బంతి పట్టుకుని పరిగెడుతుంటే వాడికి అడ్డొచ్చేవాణ్ణి ఆపాలి. నీ పొట్టోణ్ణి అవతలివాడు తువ్వాలులా భుజాన వేసుకుపోతాడు. అవునా?'" గబగబా తన కుర్చీ వైపు వచ్చి తన గొంతుతో అరిచాడు. "ఆపాల్సిన పనేంటిరా, పట్టుబడితే కదా! డిసెంబరులో సరస్సు మీంచి గాలి కొడుతుంటే నీ పొడుగోడికి పైనుంచి వెయ్యాలనుకున్న బంతి పొరుగు జిల్లాలో పడుతుంది!" మళ్ళీ అటు. "'గోలు గీతకి ఇంకా నాలుగు గజాలుండగా నీవాడు గెంతితే అవతలివాడి బొడ్డు కూడా అందదు, నార్బూ.'" మళ్ళీ ఇటు. "గెంతడమెందుకు, కాళ్ళ సందుల్లోంచి దూరిపోతాడు!"

మొదట ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఎల్‌రాయ్ గొంతు అంత బాగా దిగింది మరి. తర్వాత ఎవరూ నవ్వలేదు. ట్రూడీ వంటింటి గుమ్మంలో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆరో సారి అటు తిరిగినప్పుడు నార్బర్ట్ గొంతు చీలిపోయింది. దగ్గొచ్చింది. ఎల్‌రాయ్ మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపాడు.

నార్బర్ట్ గ్లాసు ముట్టుకోలేదు.

"నన్ను అప్పుడే పాతిపెట్టేశావు కదరా" అన్నాడు. "ఇంకా మూడు రోజులుంది. ఆగలేకపోయావా?"

కోటు తీసుకుని వెళ్ళిపోయాడు.

శనివారం నోరు విప్పలేదు. ఇది పొదుపు కాదు, కోపం. కోపం కూడా కాదు, మార్సెల్లాకి తెలుసు, అవమానం. కళ్ళముందే చచ్చిపోయినవాడిలా చూశారని. జబ్బు గురించి ఇంతవరకూ ఒక్కసారి కూడా ఏడవనివాడు ఆ రోజు గ్యారేజీలో పనిముట్లు సర్దుతూ ఏడ్చాడు.

ఆదివారం సాయంత్రం అన్నానికి కూచున్నప్పుడు ఫోన్ మోగింది. మార్సెల్లా తీసింది. రెండు మాటలు విని, చేత్తో మూసి, నార్బర్ట్ వైపు తిరిగింది. ముఖం వెలిగింది.

"ఎల్‌రాయ్. నీతో మాట్లాడాలంట. గట్టిగా ఉంది గొంతు. తీసుకో."

నార్బర్ట్ రొట్టె మీద వెన్న రాస్తున్నాడు.

"తీసుకో నార్బ్. రేపు పొద్దున్న ఆరింటికి బయల్దేరాలి."

ఒక్క చెయ్యి చాపితే అయిపోయేది. ఆ చెయ్యి చాపడానికి అతనికి మనసు రాలేదు. జాలిపడ్డవాడికి క్షమాపణ చెప్పుకునే సంతోషం కూడా ఇవ్వాలా అనిపించింది.

"పడుకున్నానని చెప్పు" అన్నాడు.

మార్సెల్లా నిలబడిపోయింది. తర్వాత ఫోన్ చెవికి పెట్టుకుని, "పడుకున్నాడు ఎల్‌రాయ్" అంది. అబద్ధం చెప్పడం ఆవిడకి బొత్తిగా రాదు. అటు ఎల్‌రాయ్ కొంచెంసేపు ఆగి, "సరే. పడుకోనీ" అన్నాడట.

సోమవారం ఆసుపత్రిలో బట్టలు మార్చి మంచం మీద తోసుకుపోతుంటే, నార్బర్ట్ మార్సెల్లా చెయ్యి పట్టుకున్నాడు. ఏదైనా చెబుతాడని ఆవిడ వంగింది. "ఆ స్వెట్టరు వేసుకో, ఇక్కడ చలి" అన్నాడు. అదే ఆఖరు మాట. ఆవిడ ఆ స్వెట్టరు వేసుకునే, ఆపరేషన్ జరిగిన ఏడు గంటలూ కూచుంది.

గురువారం మధ్యాహ్నం ఎల్‌రాయ్ వచ్చాడు. చర్చికి వేసుకునే కోటు వేసుకున్నాడు. నార్బర్ట్ దిండ్లకి ఆనుకుని ఉన్నాడు, మెడకి కట్టు, కట్టు మధ్య చిన్న గొట్టం, ఊపిరి అందులోంచి వస్తూ పోతూ ఉంది. పక్కన రాసుకునే పలక. మార్సెల్లా కుర్చీ ఇచ్చింది. ఎల్‌రాయ్ కూచోలేదు. జేబులోంచి పాత క్యాలెండరు కాగితం ఒకటి తీసి మడత విప్పాడు. వెనకవైపంతా పెన్సిలు రాత.

"శుక్రవారం నాకు బుద్ధి లేదు" అన్నాడు. "నేను ఎదురు చెబితే నువ్వు అరుస్తావు, అరిస్తే నొప్పెడుతుంది అనుకున్నా. అంతేరా. ఇంటికెళ్ళాక తెలిసింది నేనేం చేశానో. శనివారమంతా కూచుని రాశా. పదకొండు పాయింట్లు. ఆదివారం అందుకే ఫోన్ చేశా. నీతో రెండు గంటలు దెబ్బలాడదామని చేశా."

నార్బర్ట్ కళ్ళు మూసుకున్నాడు.

రెండు గంటలు! కావలసింది అదే కదా. ఇంటికొచ్చి తలుపు తట్టింది. తను వెన్న రాసుకుంటూ కూచున్నాడు.

చెయ్యి పలక కోసం వెతికింది. మార్సెల్లా అందించింది. అతను రాసింది రెండే మాటలు. ఎల్‌రాయ్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "పడుకోలేదు. మెలకువే."

ఎల్‌రాయ్ పలక మార్సెల్లాకి తిరిగిచ్చాడు.

"తెలుసు" అన్నాడు. "నువ్వు ఆవిడతో అన్నది వినపడింది. పడుకున్నానని చెప్పు అన్నావు. నీ గొంతు నేను ఆఖరుసారి విన్నది అదేరా నార్బూ."

మార్సెల్లా కిటికీ వైపు తిరిగింది. ఎల్‌రాయ్ అప్పుడు కూచున్నాడు. కాగితం దీపం వైపు పట్టుకుని, ముక్కుతో, నిదానంగా మొదలుపెట్టాడు.

"ఒకటి. నీకు అడుగులు లెక్కపెట్టడం రాదు. గేదర్స్ నాలుగు కాదు, మూడున్నర అడుగులకే తిరుగుతున్నాడు. నువ్వు చూసింది వాడి చీలమండ బెణికిన ఆట."

అని ఆగాడు. నలభై ఒక్క ఏళ్ళ అలవాటు, అక్కడ ఆగితే నార్బర్ట్ మీద పడిపోవాలి. నార్బర్ట్ నోరు తెరిచాడు. ముఖం ఎర్రబడింది, మెడ నరాలు లేచాయి, చెప్పాల్సినదంతా నాలుక మీదికి వచ్చేసింది. మెడలోని గొట్టంలోంచి గాలి మాత్రం బుస్సుమంది.

ఎల్‌రాయ్ ఇంకా కొంచెంసేపు ఆగాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "రెండు" అన్నాడు.